మైలవరంలో ఏడాదంతా సైకిల్: నా ఓటు డిరైల్యూర్‌కే
మైలవరం, జమ్మలమడుగు మధ్య రోజూ సైకిల్ తొక్కేవాళ్లకి రెండు తలనొప్పులు: ఎండాకాలం దుమ్ము, వానాకాలం నల్లరేగడి బురద. స్పెక్స్ చూస్తే రెండింటికీ ఇంటర్నల్ గేర్ హబ్బే కరెక్ట్. గేర్లన్నీ వెనక చక్రం హబ్ లోపలే భద్రంగా ఉంటాయి, ఆగి ఉన్నప్పుడు కూడా మార్చుకోవచ్చు. షిమానో నెక్సస్ 8 గేర్ రేంజ్ 307 శాతం. డిరైల్యూర్‌కి 11-34 క్యాసెట్ వేస్తే వచ్చేదీ దాదాపు అంతే.

అయినా నేను డిరైల్యూరే తీసుకోమంటా. హబ్ లోపల ఏదైనా పాడైతే మన దగ్గర విప్పి బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. స్పేర్ పార్ట్ వచ్చేదాకా సైకిల్ మూలకే. పోయిన వానాకాలం నా డిరైల్యూర్ బురదతో జామ్ అయింది. సీసాడు నీళ్లు, పాత టూత్‌బ్రష్... పది నిమిషాల్లో మళ్లీ రోడ్డెక్కా.

ముందు ఒక్క చైన్‌రింగ్ ఉన్నది చూడండి, వారానికోసారి చైన్ తుడిచి ఆయిల్ వేయండి. మన చేత్తో బాగుచేసుకోగలిగిందే మన ఊరికి బెస్ట్ గేర్.