జేబులోని రివాల్వరు

చిన్న రివాల్వరొకటి నడుమున దాచుకొని తిరిగినచో భయము తీరునని తలంచువారు మన పట్టణములలో లేకపోలేదు. బందరు వర్తకుడు రొక్కముతో ప్రొద్దుపోయి ఇల్లు చేరవలెను. గుడివాడ బియ్యపుమిల్లు యజమాని ఒంటరిగా ఊరిబయటి దారిన రావలెను. దివిసీమ రైతు నడిరేయి చేనికి నీరు కట్టబోవలెను. వీరి భయమును మేము పరిహసింపము. కాని కొనదలచిన వస్తువు ఆ భయమునకు మందగునా కాదా యని విచారించి పిమ్మట కొనుట వివేకము.

ఆయుధమును కోరుటయే పాపమని మేము చెప్పము. 1878 సంవత్సరపు ఆయుధముల చట్టము ఐరోపీయులను విడిచిపెట్టి భారతీయులకు లైసెన్సు నిర్బంధమును విధించినది. అది జాతిని నిర్వీర్యము చేయుటకు పన్నిన పన్నుగడయని నాటి దేశభక్తులు గ్రహించిరి. అహింసావ్రతుడైన గాంధీమహాత్ముడు సైతము 1918లో ఆ చట్టమును తీవ్రముగా గర్హించెను. 1931లో కరాచీ కాంగ్రెసు నియమబద్ధమైన ఆయుధధారణను పౌరహక్కులలో చేర్చుకొన్నది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట, 1948 డిసెంబరులో, కామత్ గారు రాజ్యాంగసభలో ఆ హక్కును ప్రతిపాదింపగా సభ అంగీకరింపలేదు. నేడు అమలులోనున్న 1959 చట్టమున జాతిభేదము లేదు. కాని తుపాకి లైసెన్సు ప్రభుత్వమిచ్చు అనుమతియేగాని హక్కు కాదు.

ఇక వస్తువును చూతము. దేశీయ కర్మాగారములు పౌరులకొరకు చేసిన చిన్న రివాల్వర్లలో రెండు ప్రసిద్ధములు. 2014లో కాన్పూరునుండి వెలువడిన ‘నిర్భీక్’ 0.32 బోరుది, తూనిక సుమారు 500 గ్రాములు, నాటి వెల లక్షాయిరువదివేల రూపాయలకు పైబడినది. అదే కాలమున బెంగాలులోని ఈశాపూరు రైఫిల్ కర్మాగారము చేసిన ‘నిడర్’ 0.22 బోరుది, తూనిక సుమారు 250 గ్రాములు మాత్రమే, వెలయు తక్కువ. తేలికదనమును, చౌకదనమును చూచి మనసు రెండవదానిపై పోవుట సహజము. కాని 0.22 గుండు చిన్నది. మీదపడు మనుష్యుని ఆపునను నమ్మకము తక్కువ. దాని తూటాలో నిప్పు పుట్టించు మందు అడుగున నడుమగాక అంచుచుట్టు నుండును గనుక, పేలకపోవుటయు పెద్ద తూటాలకన్న అధికము. ట్రిగ్గరు మరల నొక్కిన వేరొక తూటా ముందుకు వచ్చుననుట రివాల్వరునందలి గుణమే. అయినను తూనిక తగ్గినకొలది, గొట్టము పొట్టియైనకొలది గురి కష్టము. కావున ఆత్మరక్షణమునకు నిజముగా అవసరమైనవాడు 0.32నే ఎంచుకొనుట మేలు; 0.22 గురి నేర్చుకొనుటకు తగును. ఏది కొన్నను అభ్యాసము లేనివాని చేతిలో అది ఇనుపముద్దయే. ఉప్పుగాలి వీచు మన తీరమున తరచు తుడిచి నూనె రాయనిచో త్రుప్పుముద్దయు నగును.

కొన్నవానికి బాధ్యతలు గలవు. ఇరువదియొక్క సంవత్సరములు నిండవలెను. 2016 నియమములనుబట్టి శిక్షణ పొందవలెను, ఇంట భద్రపరచవలెను. తిరునాళ్లకును, దేవుని ఊరేగింపులకును, బహిరంగసభలకును, విద్యాలయములకును తీసికొని పోరాదు. ఎన్నికలవేళ పోలీసుస్టేషనులో అప్పగింపవలసి వచ్చును. లైసెన్సు లేని తుపాకిని దగ్గరనుంచుకొనినవానికి 2019 సవరణ తరువాత రెండు మొదలు ఐదేండ్ల వరకు కారాగారవాసము. పసిపిల్లలున్న యింట, కోపిష్ఠులున్న యింట ఆ వస్తువు దొంగకన్న ముందు ఇంటివారికే అపాయమని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంత నిర్బంధమునకు లోబడి కొన్న రివాల్వరు దివిసీమ పొలమున నెదురగు శత్రువునకైనను పనికివచ్చునా? ఆ శత్రువు దొంగ కాదు, పాము. 2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు ప్రబలి, బాధితులు అవనిగడ్డ ఆసుపత్రికి వరుసగా చేరిరి. ఆ ఆగస్టులోనే మోపిదేవిలో సర్పయాగము జరిగెను. చీకటిలో గట్టుమీద కదలు కట్లపామును పొట్టి గొట్టపు రివాల్వరుతో కొట్టగలవాడు అరుదు. గురి తప్పిన గుండు ఆవలి గట్టుననున్న కూలివానికి తగులవచ్చును. అచ్చట రైతునకు కావలసినవి మోకాలి బూట్లు, టార్చిలైటు, చేతికర్ర. కాటు పడినచో మంత్రమునకై తిరుగక, గాయమును కోయక, వెంటనే ఆసుపత్రికి చేరవలెను. 2000 నుండి 2019 వరకు మనదేశమున ఏటా సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని 2020లో వెలువడిన పరిశోధన అంచనా కట్టినది. వీరిలో ఎందరిని రివాల్వరు కాపాడియుండెడిది?

ధైర్యము వేరు, ఆయుధము వేరు. 1930లో బందరు కోనేరు సెంటరున తోట నరసయ్యనాయుడుగారు జాతీయపతాకము నెగురవేయబోయి, పోలీసు లాఠీలక్రింద స్పృహ తప్పువరకు నిలిచెను. ఆయన చేత జెండా తప్ప వేరేమియు లేదు. ఆ బందరులో పుట్టినవారికి జేబులోని ఇనుము ధైర్యమును అరువిచ్చునని మేము నమ్మజాలము.

ప్రాణాపాయము నిజముగా గలవాడు చట్టప్రకారము లైసెన్సు పొంది, నేర్చుకొని, జాగ్రత్తతో ధరించుగాక. తక్కినవారు ఆ ధనముతో తమ పాలేళ్లకు బూట్లు, దీపములు కొనియిచ్చుట మేలు. ప్రభుత్వమునుండి మనము గట్టిగా అడుగవలసినదియు నొకటి గలదు: దివిసీమలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున, రాత్రింబవళ్లు, విషవిరుగుడు మందును దానినిచ్చు వైద్యుడును ఉండవలెను. ఇది లైసెన్సు అక్కరలేని రక్షణము. దీనికొరకు పఠనమందిరములలోని పెద్దలందరు నోరు విప్పుదురుగాక.