సీసం బరువు ఎవరి మీద?



పర్యావరణం మీద వ్యాసం రాయమంటే మనమందరం వాహనాల పొగ గురించే రాస్తాం. పొగ కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. కాబట్టి దాని మీద నాలుగు మాటలు రాయడం సులువు. అయితే వాహనం రోడ్డు మీద తిరిగినన్నాళ్లే హాని చేసి ఊరుకోదు. మూలకు పడ్డాక కూడా చేస్తుంది. ఆ హాని వాహనం ఎక్కి తిరిగినవాడికి తగలదు, దాన్ని విప్పేవాడికి తగులుతుంది. విప్పేవాళ్లలో మన అన్నలు, మన తమ్ముళ్లు ఉన్నారు. ఎండాకాలం సెలవుల్లో మెకానిక్ షాపుల్లో, పాత ఇనుప సామాను దుకాణాల్లో పనికి పోయేవాళ్లు మన వసతి గృహాల్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలుసు. అందుకే ఈ విషయం మన సంచికలో రాయదగ్గదని నా అభిప్రాయం.

బండిలో ఏముందో చెప్పాలి

ఒక వాహనంలో ఇనుము, అల్యూమినియం, రాగి, రబ్బరు, ప్లాస్టిక్‌తో పాటు మనిషి ఒంటికి పడని లోహాలు కూడా కొన్ని ఉంటాయి. ఐరోపా దేశాలు 2000 సంవత్సరంలో ఒక చట్టం చేశాయి. దాని ప్రకారం 2003 జూలై 1 తర్వాత అమ్మకానికి వచ్చే కార్లలో సీసం, పాదరసం, కాడ్మియం, ఒక రకం క్రోమియం వాడరాదు. తప్పనిసరి అనుకున్న కొన్నింటికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అప్పటి నుంచి కార్ల కంపెనీలు తమకు విడిభాగాలు అమ్మే ప్రతివాడినీ "నీ సరుకులో ఏ పదార్థం ఎన్ని గ్రాములుంది?" అని అడగడం మొదలుపెట్టాయి. ఆ వివరాలన్నీ నమోదు చేయడానికి ఒక ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థనే పెట్టుకున్నాయి. మన దేశం నుంచి విడిభాగాలు ఎగుమతి చేసేవాళ్లూ ఆ లెక్క చెప్పక తప్పదు. చిన్న మేకు దగ్గర నుంచి పెద్ద ఇంజన్ దాకా లెక్క ఉండాలన్నమాట.

ఇది మంచి పద్ధతి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. విషాన్ని వాహనంలో పెట్టకపోతే రేపు దాన్ని తీసే బాధ ఉండదు. మన దేశం కూడా ఒకసారి ఇలాగే చేసి గెలిచింది. పెట్రోల్‌లో సీసం కలిపే అలవాటును 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా మాన్పించారు. చివరగా అల్జీరియా కూడా మానేయడంతో, 2021లో ప్రపంచంలోనే వాహనాలకు సీసం పెట్రోల్ అమ్మకం ముగిసింది.

కానీ ఐరోపా చట్టం మినహాయించిన వాటిలో ఒకటి చాలా పెద్దది. అదే బ్యాటరీ. ఆటో, కారు, ట్రాక్టర్, లారీ స్టార్ట్ కావడానికి వాడే మామూలు బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. లోకంలో వాడే సీసంలో 80 శాతానికి పైగా బ్యాటరీలకే పోతుంది. పెట్రోల్‌లోంచి వెళ్లగొట్టిన సీసం నల్ల డబ్బాలో ఇంకా మన మధ్యనే తిరుగుతున్నది.

పాత బ్యాటరీ ప్రయాణం

సీసానికి ఒక మంచి గుణం ఉంది. ఎన్నిసార్లు కరిగించినా మళ్లీ సీసమే అవుతుంది. అందుకే పాత బ్యాటరీని ఎవరూ చెత్తకుప్పలో వేయరు. దానికి ధర ఉంది. ఆ ధర ఉండటమే మేలు, కీడు కూడా.

సరైన దారిలో పోతే బ్యాటరీ పగలకుండా అనుమతి ఉన్న కర్మాగారానికి చేరుతుంది. అక్కడ మూసి ఉన్న యంత్రాల్లో ఆసిడ్, ప్లాస్టిక్, సీసం వేరు చేస్తారు. పొగను వడగడతారు. అడ్డదారిలో పోతే ఊరి చివర రేకుల షెడ్డుకు పోతుంది. అక్కడ గొడ్డలితోనో సుత్తెతోనో డబ్బా పగలగొడతారు. ఆసిడ్ కాలువలో పారబోస్తారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి కూడా అక్కర్లేదు, కట్టెల మంట మీద మూకుడు చాలు. గ్లౌజులుండవు, పొగ గొట్టం ఉండదు. ఆ ఖర్చులేవీ లేవు గనుక అడ్డదారివాడు పాత బ్యాటరీకి నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వగలడు. ఆ నాలుగు రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయి? పని చేసే పిల్లవాడి రక్తంలోంచి వచ్చాయి.

ఇది అతిశయోక్తి కాదు. సీసం ధూళి ముక్కు ద్వారా, నోటి ద్వారా ఒంట్లోకి పోతుంది. బట్టలకు అంటుకొని ఇంటికి వస్తుంది. రక్తహీనత, కడుపునొప్పి, నరాల బలహీనత తెస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా చిన్నపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఒకే మోతాదులో సీసం లోపలికి పోయినా పెద్దల కంటే పిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇంత ఉంటే ప్రమాదం లేదు అని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంది. అలాంటి పిల్లలు మన దేశంలోనే సుమారు 27 కోట్ల 50 లక్షల మంది ఉంటారని అంచనా వేశారు. బ్యాటరీలను అడ్డగోలుగా కరిగించడం దానికి ఒక ముఖ్య కారణమని కూడా చెప్పారు.

చదువే ఆస్తిగా ఇల్లు విడిచి వచ్చినవాళ్లం మనం. "వీడికి చదువు ఎక్కదు, జ్ఞాపకం నిలవదు" అని ఒక పిల్లవాణ్ణి తిట్టేముందు వాడి ఇంటి పక్కన ఏం కరుగుతున్నదో ఎవరైనా అడిగారా?

చట్టాలు లేవా?

ఉన్నాయి. 2001లోనే బ్యాటరీల నిబంధనలు వచ్చాయి. అమ్మిన కొత్త బ్యాటరీలకు బదులుగా పాతవి వెనక్కి తీసుకోవాలని, మూడో ఏటి నుంచి 90 శాతం సేకరించాలని కంపెనీలకు చెప్పారు. కాగితం మీద అది గొప్ప లక్ష్యమే. అయినా రేకుల షెడ్లు మూతపడలేదు. 2022 ఆగస్టులో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు తయారీదారుడే పాత బ్యాటరీలకు బాధ్యుడు. నమోదైన రీసైక్లింగ్ కర్మాగారాల నుంచి సర్టిఫికెట్లు తెచ్చి చూపాలి. బ్యాటరీ మీద కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ ఉండాలి. సీసం 0.004 శాతం దాటితే దాని గుర్తు 'పీబీ' అని ముద్రించాలి. వాడేవాడికి కూడా ఒక బాధ్యత పెట్టారు. పాత బ్యాటరీని చెత్తలో కలపకుండా, సేకరించే సంస్థకే ఇవ్వాలి.

ఇక 2025 జనవరిలో ప్రకటించి ఏప్రిల్ 1 నుంచి అమలు చేసిన నిబంధనలు మొత్తం వాహనానికి సంబంధించినవి. వాహనం కాలం తీరిన 180 రోజుల్లోపు యజమాని దాన్ని నమోదైన తుక్కు కేంద్రానికి గానీ సేకరణ కేంద్రానికి గానీ అప్పగించాలి. అయితే వ్యవసాయ ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, పవర్ టిల్లర్లు దీని కిందికి రావు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే ట్రాక్టర్లను తలచుకోండి. అవి పాతబడితే విప్పేది ఎక్కడ? ఊళ్లోనే. వాటి బ్యాటరీలకు 2022 నిబంధనలు వర్తిస్తాయన్న సంగతి ఊళ్లో ఎందరికి తెలుసు?

నా అభిప్రాయం ఇది. పెట్రోల్ విషయంలో చట్టం గెలవడానికి కారణం ఉంది. రిఫైనరీలు కొన్నే, వాటి గేటు దగ్గర కాపలా పెడితే చాలు. బ్యాటరీ అలా కాదు, వేల చేతులు మారుతుంది. మన అధికార యంత్రాంగానికి పెద్ద గేటు కనిపించినంతగా చిన్న షెడ్డు కనిపించదు. 2021 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి కరకంబాడి, నూనెగుండ్లపల్లిలోని అమరరాజా బ్యాటరీల కర్మాగారాలను మూసివేయమని ఆదేశాలిచ్చింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు మే 6న ఆ ఆదేశాలను తాత్కాలికంగా నిలిపివేసింది. అందులో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ నా చర్చ కాదు. అక్కడ కనీసం తనిఖీ ఉంది, నోటీసు ఉంది, కోర్టు ఉంది, పత్రికల్లో పతాక శీర్షికలు ఉన్నాయి. రేకుల షెడ్డులో పనిచేసే పిల్లవాడి రక్తం కోసం ఏ కోర్టులో వాయిదా పడింది?

పొట్ట కొట్టకుండా దారి మార్చాలి

"షెడ్లన్నీ మూయిస్తే సరిపోతుంది" అని కొందరంటారు. పాత సామాను కొనే దుకాణం మీద ఆధారపడి బతికే కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. వాళ్ల పొట్ట కొడితే పని ఆగదు, చీకట్లోకి పోతుంది. అందుకని దుకాణదారుణ్ణి దొంగగా చూడటం మాని సేకరణదారుడిగా నమోదు చేయాలి. పగలని, ఆసిడ్ పారబోయని బ్యాటరీకి కంపెనీలు ఎక్కువ ధర కట్టాలి. సరైన దారిలో రూపాయి ఎక్కువ దొరికితే అడ్డదారి దానంతటదే పాడుబడుతుంది. ఆటో స్టాండ్లలో, మెకానిక్ షాపుల్లో ఈ సంగతి తెలుగులో బోర్డు రాసి పెట్టాలి. ఐ.టి.ఐ. మోటార్ మెకానిక్ తరగతుల్లో బ్యాటరీని ఎలా బిగించాలో చెప్పినట్టే, ఎలా వదిలించుకోవాలో కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనివాళ్లకు, వాళ్ల పిల్లలకు రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా అందుబాటులో ఉంచాలి. 18 ఏళ్లు నిండనివాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోరాదని 2016లో సవరించిన చట్టం చెబుతున్నది. దాన్ని అమలు చేయాలి.

మనం చేయగలిగింది కూడా ఉంది. సెలవులకు పోయినప్పుడు ఇంట్లో ఆటోకో ట్రాక్టర్‌కో బ్యాటరీ మారుస్తుంటే, పాతది కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి రశీదు తీసుకొమ్మని నాన్నకు చెప్పవచ్చు. షాపు పనికి పోయే తమ్ముడికి బ్యాటరీ పగలగొట్టే పని ఒప్పుకోవద్దని చెప్పవచ్చు. తప్పనిసరై ఆ చోట ఉన్నవాళ్లు చేతులు కడగకుండా తినకూడదు, ఆ బట్టలతో చంటిపిల్లల్ని ఎత్తుకోకూడదు. ఒంట్లో ఇనుము, కాల్షియం తక్కువైతే సీసం మరింత ఎక్కువగా పడుతుంది. కాబట్టి మన మెనూలోని గుడ్డు, పాలు, ఆకుకూర గురించి మనం అడిగేది నోటి రుచి కోసమే కాదని కూడా గుర్తుంచుకోవాలి.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. సీసం విషయంలో మాత్రం పాపం అందరికీ సమానంగా పంచబడలేదు. బండి ఎక్కినవాడికి ప్రయాణం, అమ్మినవాడికి లాభం, విప్పినవాడికి రోగం దక్కుతున్నాయి. ఈ లెక్క మారాలి. రేపు విద్యుత్ వాహనాలు వచ్చి సీసం బదులు లిథియం వచ్చినా, విప్పే చేతులను మరిచిపోతే కథ ఇంతే. బండి తయారుచేసేవాడు అందులోని ప్రతి గ్రాముకూ లెక్క చెబుతున్న ఈ కాలంలో, ఆ గ్రాములు చివరకు ఎవరి ఒంట్లో చేరుతున్నాయో అడగడం చదువుకున్న మన బాధ్యత.