పలక నాయిస్ కాదు మిత్రులారా



1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మా మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ‘జనగణమన’ పాడితే, మార్గరెట్ కజిన్స్ ఆ బాణీకి నొటేషన్ రాసిపెట్టింది. ఈ సంగతి మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఆ ఏడాది ఇదే చుట్టుపక్కల మాదిగపల్లెల్లో ఏ దెబ్బ కొట్టారో ఇప్పుడు ఎవర్నడగాలి?

మొన్న పుంగనూరు దగ్గర పల్లె నుంచి మా మామను ఒక స్టూడియోకి తీసుకుపోయాను. సుగుటూరు గంగమ్మ జాతరలో పలక కొట్టిన చెయ్యి ఆయనది. ఏసీ గదికి చర్మం మెత్తబడింది. ‘కాచకుండా ఎట్ల కొట్టేది అల్లుడా?’ అన్నాడు మామ. లోపల మంట పెట్టనిస్తారా! ‘పాట పాడించండి చాలు, వాయిద్యం కంప్యూటర్లో వేసేస్తాం’ అన్నాడు స్టూడియో అతను. లేచి వచ్చేశాం.

ఇంట్లోనే మొదలుపెట్టాం. పాత ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే ఆడాసిటీ, రెండు మైకులు, వాటిని కంప్యూటర్‌కి కలిపే చిన్న ఇంటర్‌ఫేస్. గోడలకు బొంతలు. పలకకు ఆరడుగుల దూరంలో ఒక మైకు, గొంతు దగ్గర ఇంకొకటి. ఎంత గట్టిగా కొట్టినా మీటర్ మైనస్ 6 దాటకుండా చూసుకున్నాం. దాటి సున్నాకి తగిలితే దెబ్బ పగిలిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు. ఫోన్‌తో ఎందుకు కాదంటారా? చాలా ఫోన్లు శబ్దాన్ని తామే సర్దేస్తాయి. పలక మోగగానే మొత్తం తగ్గిస్తాయి, దాంతో పాటు గొంతూ మునిగిపోతుంది. మాటను మాత్రమే మిగిల్చే ఫిల్టర్లకైతే మన పలక ఉత్త నాయిస్.

ఇద్దరూ ఒకే గదిలో ఉంటే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడుతుంది. దాన్ని ‘బ్లీడ్’ అంటారు, తప్పుగా చూస్తారు. ఒకరి శబ్దం ఇంకొకరి మైకుని తాకకూడదంట! ఈ మాట మనం ఎక్కడో విన్నట్టు లేదూ? నేను తాకనిచ్చాను. పాటకి పలక బదులిస్తుంది, పలకని బట్టి పాట ఊపందుకుంటుంది. వేరువేరుగా తీసి, క్లిక్ ట్రాక్‌కి కట్టేస్తే ఆ ఊపు చచ్చిపోతుంది.

ప్రతి పాటకీ మామ వాకిట్లోకి పోయి, మంట మీద పలక కాచుకొని వచ్చేవాడు. నేను రికార్డింగ్ ఆపలేదు. తర్వాత వింటే, కాచుకుంటూ వాకిట్లో నుంచి ఆయన మాట్లాడిన మాటలు సన్నగా పడివున్నాయి. చావుదెబ్బ ఎక్కడ మారుతుంది, పెండ్లిదెబ్బ ఎట్ల ఎత్తుకోవాలి, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు. ఖాళీ అనుకొని కత్తిరించబోయింది అదీ! తెలుగులో డాక్టరేట్ చేసిన నాకు ఏ పుస్తకంలోనూ కనబడని సంగతులవి.

పలకే వద్దు, అది వెట్టి గుర్తు అనే మిత్రులున్నారు. పిలిస్తే చావుకి పోయి కొట్టాల్సిందే అన్న వెట్టి పోవాల్సిందే. చేతిలోని విద్య ఎందుకు పోవాలి? 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా ఈ పలకతోనే కదా ఊరూరా మోగింది.

పేరు సంగతి ఇంకొకటి. ‘జానపదం’ అని రాసి కళాకారుడి పేరు ఎగ్గొట్టొద్దు. కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడికి 50 ఏళ్ల హక్కుంది. ఫైలు పేరులోనే ఆయన పేరు, ఊరు, తేదీ పెట్టండి. ఒక కాపీ ఆయన ఇంట్లో ఉంచండి. ఎంపీ3 కాదు, వేవ్ ఫైలు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక్కో మైకుకి నిమిషానికి 9 ఎంబీ లోపే.

వచ్చే ఆదివారం కుప్పం పోతున్నాం. అక్కడ పలక కొన్ని మైళ్లు పోతే తమిళంలో పరై, ఇంకోవైపు కన్నడంలో తమటె. ద్రావిడ విశ్వవిద్యాలయం పిల్లలు ఎవరైనా వస్తే హెడ్‌ఫోన్లు తెచ్చుకోండి. ఎండుగడ్డి మామ తెస్తానన్నాడు.