రొట్టె చుట్టూ రాజ్యాంగం

మెక్సికోను అర్థం చేసుకోవాలంటే పిరమిడ్ల కన్నా ముందు చూడాల్సింది వీధి చివరి రొట్టెల దుకాణాన్ని

మధ్యాహ్నం రెండవుతుందంటే చాలు, మెక్సికో సిటీ పేటల్లోని చిన్న చిన్న దుకాణాల ముందు జనం వరుస కడతారు. లోపల యంత్రం గడగడలాడుతూ ఉంటుంది. ఒకవైపు పిండిముద్ద వేస్తే మరోవైపు పొగలు కక్కే రొట్టెలు దొర్లుకుంటూ వస్తాయి. వాటిని కిలోల లెక్కన తూచి ఇస్తారు. కొనేవాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డలో చుట్టి, వేడి చల్లారేలోపు ఇంటికి చేరతారు. రోజులో పెద్ద భోజనం ఆ తర్వాతే. కూర మారవచ్చు, మాంసం ఉండవచ్చు, లేకపోవచ్చు. రొట్టె మాత్రం ఉండి తీరాలి. దాని పేరు టోర్టియా. మనకు అన్నం ఎంతో వారికి అది అంత.

ఆ రొట్టెకు ముడిసరుకు మొక్కజొన్న. దాదాపు 9,000 ఏళ్ల క్రితం దక్షిణ మెక్సికో లోయల్లో తెయోసింతె అనే అడవి గడ్డిని తరతరాలుగా ఏరి, విత్తి, పంటగా మలచుకున్నది అక్కడి రైతులే. తొలి మనుషులను దేవతలు మొక్కజొన్న పిండితోనే చేశారని మాయా జాతి పురాణం చెబుతుంది. ఇప్పటికీ ఆ దేశంలో దాదాపు 60 దేశవాళీ జాతులున్నాయి. తెలుపు, పసుపు, నీలం, ఎరుపు... గింజ రంగును బట్టి రొట్టె రంగు.

అయితే గింజను నేరుగా పిండి ఆడిస్తే టోర్టియా రాదు. ముందు సున్నపు నీళ్లలో ఉడికించాలి. రాత్రంతా అలాగే నాననిచ్చి, పొద్దున్నే పొట్టు పోయేలా కడిగి రుబ్బాలి. అప్పుడే పిండి సాగుతుంది, రొట్టె విరగదు. అసలు మేలు మరొకటి. మొక్కజొన్నలో బందీగా ఉండే నియాసిన్ అనే విటమిన్‌ను సున్నం విడిపిస్తుంది. స్పెయిన్ పాలకుల తర్వాత మొక్కజొన్న ప్రపంచమంతా తిరిగింది కానీ, సున్నం కిటుకు వెంట వెళ్లలేదు. ఫలితంగా ఇటలీ ఉత్తర ప్రాంతంలోనూ, అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన పేదలు పెల్లాగ్రా వ్యాధితో మంచాన పడ్డారు. మెక్సికో పల్లెల్లో చదువురాని అమ్మమ్మలకు తెలిసిన సంగతి కారణంతో సహా వైద్యులకు బోధపడడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది.

ఆ విద్యకు మూల్యం చెల్లించింది కూడా ఆడవాళ్లే. మన సన్నికల్లు లాంటి మెతాతె ముందు మోకాళ్ల మీద కూర్చుని గంటల తరబడి నూరితే తప్ప ఇంటిల్లిపాదికీ సరిపడా రొట్టెలు వచ్చేవి కావు. ఇరవయ్యో శతాబ్దంలో ఊరూరా పిండిమరలు, తర్వాత రొట్టెల యంత్రాలు వచ్చాక ఆ చాకిరీ తగ్గింది.

మెక్సికోలో రోజు గడిచేదీ, ఏడాది తిరిగేదీ మొక్కజొన్న చుట్టూనే. పొద్దున్నే ఆఫీసులకు పరుగెత్తేవారు బండి దగ్గర ఆగి తమాలే తింటారు. మొక్కజొన్న పిండిని కంకి పొత్తుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించినది అది. తోడుగా అతోలె అనే వేడి జావ. నిన్నటి రొట్టెలు మిగిలితే పారేయరు. ముక్కలు చేసి వేయించి, మిరపకాయ పులుసులో వేస్తే చిలకీలెస్ అనే ఫలహారం తయారు. జనవరి 6న పంచుకునే పండుగ రొట్టెలో ఒక బుల్లి బొమ్మను దాస్తారు. అది ఎవరి ముక్కలో వస్తే వారు ఫిబ్రవరి 2న అందరికీ తమాలేలు పెట్టాలి. నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయిన పెద్దలు ఇంటికి వస్తారని నమ్మకం. వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. దారి తెలియడానికి వీధి గుమ్మం నుంచి బంతిపూల రేకులు పరుస్తారు. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టుకుని, అదే రోజు బతుకమ్మకు పూలు పేర్చే తెలంగాణ వారికి ఇదేమీ వింతగా తోచదు. చెప్పుకోవాల్సింది ఒక్కటే, ఆ బంతిపువ్వు పుట్టిల్లు కూడా మెక్సికోయే. గుంటూరు మిరపకు కూడా మూలం అక్కడే. పోర్చుగీసు ఓడలు తేకముందు మన కూరల్లో కారం అంటే మిరియాలే.

ఇంతగా పెనవేసుకుపోయిన తిండి రాజకీయం కాకుండా ఎలా ఉంటుంది? 1994 జనవరి 1న అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమల్లోకి వచ్చింది. సరిగ్గా అదే రోజు దక్షిణాన చియాపాస్ రాష్ట్రంలో జపతిస్తా ఆదివాసులు ఆయుధాలు పట్టారు. ఆ ఒప్పందం తమకు మరణశాసనమన్నారు. ప్రభుత్వ సబ్సిడీలతో భారీ యంత్రాల మీద పండించే అమెరికా రైతుతో, కొండవాలు మీద మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసుకునే చిన్న రైతు పోటీ పడాల్సి వచ్చింది. గింజ ధర పడిపోయింది. ఎందరో పొలం వదిలి ఉత్తరాన సరిహద్దు దాటారు. ఈ వలసలో ఒప్పందం వాటా ఎంతన్న దానిపై ఆర్థికవేత్తలు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

విచిత్రమేమిటంటే గింజ చవకైనా రొట్టె చవక కాలేదు. టోర్టియా ధరపై ఇచ్చే సాధారణ సబ్సిడీకి 1999లో మంగళం పాడారు. తర్వాత అమెరికాలో మొక్కజొన్న ఇథనాల్ తయారీకి మళ్లడంతో 2007 జనవరికల్లా రొట్టె ధర భగ్గుమంది. గద్దెనెక్కి రెండు నెలలైనా నిండని అధ్యక్షుడు ఫెలిపే కాల్డెరోన్ కంపెనీలతో మాట్లాడి కిలో 8.50 పెసోలకు మించకుండా ఒప్పించాల్సి వచ్చింది. అయినా జనవరి 31న వేలాదిమంది రాజధాని నడిబొడ్డుకు తరలివచ్చారు. మొక్కజొన్న లేనిదే దేశమే లేదన్న నినాదంతో ఉద్యమం మొదలైంది ఆ ఏడాదే.

ఇక విత్తనం గొడవ. జన్యుమార్పిడి మొక్కజొన్న సాగును మెక్సికో 1998లోనే నిలిపేసింది. అయినా వహాకా రాష్ట్రంలోని దేశవాళీ పంటలో ఆ జన్యువుల ఆనవాళ్లు కనిపించాయని 2001లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన వ్యాసం దుమారం రేపింది. దాని పద్ధతులపై విమర్శలు వచ్చినా భయం మాత్రం నిలిచిపోయింది. మొక్కజొన్న పుప్పొడి గాలికి ఎగురుతుంది, గట్టు దగ్గర ఆగదు. పుట్టింట్లోనే జాతి కలుషితమైతే మళ్లీ తెచ్చుకోవడానికి మరో చోటు ఉండదన్నది ఉద్యమకారుల వాదన. 2010 ఫిబ్రవరిలో మన దేశంలో బీటీ వంకాయకు బ్రేక్ పడినప్పుడు వినిపించిన వాదనల్లో ఇదీ ఒకటి. వంగ వైవిధ్యానికి మన నేల పెట్టింది పేరు మరి.

2023 ఫిబ్రవరిలో టోర్టియా, పిండిముద్దల తయారీకి జన్యుమార్పిడి మొక్కజొన్న వాడరాదని మెక్సికో ప్రభుత్వం డిక్రీ తెచ్చింది. అమెరికా వాణిజ్య వివాదానికి దిగింది. అందుకు తగిన శాస్త్రీయ ఆధారం మెక్సికో చూపలేదని 2024 డిసెంబర్‌లో ప్యానెల్ తేల్చింది. ఆంక్షను వెనక్కి తీసుకోక తప్పలేదు. కానీ దేశపు తొలి మహిళా అధ్యక్షురాలు క్లాడియా షైన్‌బామ్ మరో దారి వెతికారు. 2025 మార్చిలో ఏకంగా రాజ్యాంగాన్నే సవరించారు. మొక్కజొన్న జాతీయ అస్తిత్వంలో భాగమని, దేశంలో దాని సాగు జన్యుమార్పిడికి దూరంగా ఉండాలని రాసుకున్నారు. దిగుమతిని ఆపలేకపోయినా సాగు మీద హక్కును మాత్రం వదులుకోలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. రొట్టెకు కావలసిన తెల్ల మొక్కజొన్నను మెక్సికో చాలావరకు తానే పండించుకుంటుంది. అమెరికా నుంచి కుప్పలుతెప్పలుగా వచ్చే పసుపు మొక్కజొన్న ప్రధానంగా పశువులకు, కోళ్లకు మేత. అంటే జన్యుమార్పిడి గింజను గడప దాటనివ్వమని అంటూనే, దాన్ని మేసిన కోడిని కూర వండుకుంటున్నారన్న మాట. విమర్శకులు పట్టుకుంటున్నదీ ఇదే.

అసలు పరీక్ష మాత్రం కోర్టుల్లో లేదు, ప్యానెళ్లలో లేదు. దేశవాళీ విత్తనం గిడ్డంగిలో బతకదు. ఏటా ఎవరో ఒకరు విత్తాలి, కంకులు ఏరి మరుసటి ఏటికి దాచాలి. ఆ పని చేసేది కొండల్లోని ముసలి రైతులు. వాళ్ల పిల్లల్లో చాలామంది షికాగోలోనో లాస్ ఏంజెలెస్‌లోనో హోటళ్లలో పనిచేస్తూ డబ్బు పంపుతున్నారు. ఆ డబ్బుతో ఇంట్లోవాళ్లు కొనేది రెడీమేడ్ పిండి. విత్తనాన్ని కాపాడే మాట రాజ్యాంగంలో చేరింది. విత్తే చేతులను నిలిపే మాట ఇంకా చేరాల్సి ఉంది.