ఇంటి యంత్రములు: గేరునూనె మార్చుకొనుట



క్రిందటి వానకాలమున కాలువ పొర్లి బాటమీదికి వచ్చినపుడు తమ జీపును ఆ నీళ్లలోనే దాటించితిమనియు, నాటినుండి వెనుకప్రక్క ఏదో మూలుగు వినవచ్చుచున్నదనియు కోనసీమనుండి యొక సోదరి వ్రాసినది. "ఇంజనునూనె ఏటేట మార్పించుచునే యున్నాము. వేరే నూనెలు గూడ గలవా?" అని ఆమె ప్రశ్న. గలవమ్మా. గేరుబాక్సులో నొక నూనెయు, వెనుక ఇరుసు నడుమ కుండవలె ఉబ్బియున్న డిఫరెన్షియలులో నొక నూనెయు ఉండునని బండిగలవారిలోనే యనేకులెరుగరు.

కళ్ళమున బంతికట్టి త్రొక్కించుట మీలో పెద్దవారు చూచియుందురు. రాటచెంత నున్న యెద్దు మెల్లగా నడచును. అంచున నున్నది వడిగా నడువవలెను. బండి మలుపు తిరుగునపుడు లోపలి చక్రమునకును వెలుపలి చక్రమునకును ఇదే భేదము. రెండింటిని ఒకే కడ్డీకి బిగించినచో ఏదో యొకటి నేలపై నీడ్వబడక తప్పదు. రెండింటిని నడపుచునే దేని వేగము దానికిచ్చు పండ్లచక్రముల పొందికయే డిఫరెన్షియలు. 1827 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున పెక్కర్ అనునతడు దీనిని ఆవిరిబండికై కల్పించెను. ఈ పండ్లు ఒకదానిపై నొకటి జారుచు మిక్కిలి బరువుతో ఒరసికొనును. వాని నడుమ నిలుచు పలుచని నూనెపొరయే వాని ప్రాణము. అందుకే ఈ నూనెలో గంధకపు పదార్థములు కలుపుదురు. మూత తీయగానే కొట్టు ఆ దుర్వాసన నూనె చెడుటవలన కాదు, భయపడకుడు.

ఆ సోదరి బండిలోనికి నీరెట్లు పోయెనందురా? నడచిన బండి డిఫరెన్షియలు వేడెక్కియుండును. చన్నీటిలో దిగగానే లోని గాలి చల్లబడి ముడుచుకొని బయటినుండి పీల్చుకొనును. గాలి యాడుటకు పైన నొక చిన్న గొట్టముండును గాని, అది మట్టితో పూడినచో సీళ్లగుండ నీటినే పీల్చును. నీరు కలిసిన నూనె మజ్జిగవలె తెల్లబడును. బేరింగులు తుప్పు పట్టును. అట్టి బండికి కిలోమీటర్ల లెక్క చూడరాదు, వెంటనే మార్చవలెను. మూలుగు అప్పటికిని మానకున్న బేరింగులను పరీక్షింపించుడు.

పద్ధతి చెప్పుటకు ముందు నా తెలివితక్కువ చెప్పుకొందును. మా జీపునకు గేరునూనెలు మార్చితిమని యొక మరమ్మతుశాలవారు సొమ్ము తీసికొనిరి. ఇంటికి వచ్చి చూడగా బిరడాలపై ఏండ్లనాటి మట్టి చెక్కుచెదరలేదు! ఆ కోపముతో నేనే పానా చేతబట్టి, డిఫరెన్షియలు క్రిందిబిరడా విప్పి నూనెయంతయు కార్చివేసితిని. పిదప పైబిరడా విప్పబోగా అది కదలదు. పానా జారి దాని మూలలరిగిపోయెను. నూనె లేదు, పోయుటకు దారి లేదు. ఆ రాత్రియే మా ఆడపడుచునకు నొప్పులు వచ్చినవి. నాలుగిండ్ల తలుపులు తట్టి ఒక ఆటో సంపాదించునప్పటికి గంట గడచెను. తల్లియు బిడ్డయు క్షేమముగనే యుండిరి గాని, ఆ గంటసేపు అరుగుమీద కూర్చుండి ఆమె నావంక చూచిన చూపు నేటికిని మరవలేదు. కావున, అమ్మలారా, నూనె పోయు పైబిరడా వదులైన పిమ్మటనే కారు బిరడాపై చేయి వేయుడు.

"ఆడుదానికి ఈ పనులెందుకు?" అని మా పెద్దత్తగారు నాడు సణిగిరి. 1888లో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను నామె భర్త నిర్మించిన మోటారుబండిలో ఇద్దరు కొడుకులతో బయలుదేరి, దారిలో ఇంధనపు గొట్టము పూడగా తన టోపీసూది తీసి శుభ్రపరచుకొని ముందునకు సాగెను. ఈ మాట ఆమెకు చెప్పితిని. "ఆమెకు అత్తగారు లేరు కాబోలు" అనిరి.

పది నిమిషములు బండి నడపి, నూనె గోరువెచ్చగా నున్నపుడు సమతలమున నిలుపుడు. చేతిబ్రేకు వేసి, చక్రములకు దిమ్మలు పెట్టి, తాళముచెవి మీయొద్దనే యుంచుకొనుడు. కొంగు దోపి, జడ ముడిచి, గాజులు తీసివేయుడు. జీపు ఎత్తైనది గనుక లేపనక్కరలేదు. బండి పల్లమైనచో గట్టి స్టాండ్లపై సమముగా నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరుట ప్రాణాపాయము. ఈ మాట ఎన్నిమార్లు చెప్పినను తప్పులేదు.

కారు బిరడాకు అయస్కాంతమున్నచో దానికి కాటుకవంటి మెత్తని మడ్డి అంటుకొనియుండును. అది సహజమే. గోటిముక్కలంత ఇనుపతునకలు కనబడిన మాత్రము పని ఆపి నిపుణునికి చూపుడు. పాత వాషరు తీసి క్రొత్తది వేసి, బిరడాను ముందు చేతితోనే త్రిప్పి, పిదప పానాతో బిగింపుడు. నూనె చిక్కన గనుక చేతిపంపుతో నెక్కించి, పైరంధ్రమునుండి సన్నగా పొర్లగానే ఆపవలెను. నీళ్లు కలిసినదైనచో కొన్నాళ్లు నడపి మరల నొకమారు మార్చుడు. గాలిగొట్టమును శుభ్రపరచుట మరువకుడు.

నూనె రకము బండితో వచ్చిన పుస్తకమునుబట్టి కొనుడు. డిఫరెన్షియలునకు సాధారణముగా జీ.ఎల్. 5 రకము కావలెను. గేరుబాక్సుకు జీ.ఎల్. 4 చెప్పియున్నచో అదే పోయుడు. లోపల ఇత్తడి వలయములున్నచో జీ.ఎల్. 5 రకపు మందులు కొన్ని వానిని తినివేయును. ముందుచక్రములు లాగు కార్లలో సామాన్యముగా రెండును ఒకే పెట్టెలో నుండును. స్వయముగా గేర్లు మారు బండ్ల జోలికి ఇంటివద్ద పోకుడు.

తీసిన నూనెను కాలువలో గాని చెట్టు మొదట గాని పోయరాదు. మూతగల డబ్బాలో నింపి, వాడిన నూనెను అనుమతితో శుద్ధిచేయువారికి చేర్చు మరమ్మతుశాల కిచ్చివేయుడు. అంతవరకు ఆ డబ్బాపై "వంటనూనె కాదు" అని పెద్ద యక్షరములతో వ్రాసి, పిల్లల కందనిచోట నుంచుడు. మా యింట నది వసారాలో రెండు దినములుండగానే ఒకరు దీపమునకై మూత విప్పిరి.