మందుకు పురుగు, మనిషి తేడా లేదు

పత్తి, మిరప చేలల్లో మందు కొట్టే రోజులొచ్చాయంటే ఏటా ఒక మాట వింటాం: "ఎండదెబ్బ తగిలి పడిపోయాడు." కూలీ పడిపోతే అది ఎండదెబ్బ, లేకపోతే తిండి తినకుండా పంపు ఎత్తుకున్నాడు, అదీ కాకపోతే తాగి ఉన్నాడు. మందు పేరు మాత్రం ఎవరి నోటా రాదు.

కొట్టువాడేమో, "పురుగుకే విషం, మనిషికి కాస్త తల తిరుగుతుంది, అంతే" అంటాడు. ఈ మాట పచ్చి అబద్ధం. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు పనిచేసేది నరాల మీద. నరం నుంచి కండకు కబురు మోసే రసాయనం ఒకటుంది. కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైము ఇంకొకటుంది, దాని పేరు కోలినెస్టరేజ్. మందు ఈ ఎంజైమును కట్టిపడేస్తుంది. కబురు ఆగదు, కండ అదురుతూనే ఉంటుంది. పచ్చపురుగు గిలగిలా కొట్టుకునేది ఇందుకే. మనిషికి చెమటలు పోయడం, నోట చొంగ కారడం, కంటిపాప సూదిమొనంత కావడం, ఊపిరాడకపోవడం కూడా ఇందుకే. పురుగులో, చేపలో, పిట్టలో, మనలో అదే ఎంజైము ఉంది. పైగా మందు నోట్లోకే పోనక్కర్లేదు, తడిసిన చొక్కా గుండా చర్మంలోకి దిగుతుంది. నిన్నటి దెబ్బ నుంచి ఒళ్లు తేరుకోకముందే ఇవాళ మళ్లీ పంపు ఎత్తితే ఎంజైము ఇంకా పడిపోతుంది. వారం రోజులు వరసగా కొట్టినవాడు ఎనిమిదో రోజు కొద్దిపాటి మందుకే కూలిపోవచ్చు.

ఇక చేను సంగతి. చేలో తిరిగేవన్నీ శత్రువులు కావు. సాలీడు, అక్షింతల పురుగు, తూనీగ పైసా కూలి అడక్కుండా పంట తినే పురుగుల్ని తింటాయి. మందు పడితే ఇవీ పోతాయి. తినే పురుగుల్లో మందుకు ఓర్చుకున్నవి నాలుగు మిగిలినా చాలు, వాటి సంతానమే రేపు చేనంతా నిండుతుంది. వేటాడేవి అంత త్వరగా పెరగలేవు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో 1980లలో జరిగింది ఇదే. కాయతొలిచే పురుగుకని సింథటిక్ పైరెథ్రాయిడ్లు విచ్చలవిడిగా కొట్టించారు. తెల్లదోమను అదుపులో ఉంచే జీవాలు నశించాయి, దోమ విరుచుకుపడింది. మందు పెరిగింది, అప్పు పెరిగింది. 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తయ్యాయి.

ఆ కథను అందరూ రైతు అప్పు వైపు నుంచే చెప్పారు. అది నిజమే, కాదనం. కూలీ వైపు నుంచి కూడా ఒక లెక్క ఉంది. అయిదుసార్లు కొట్టాల్సిన చేలో ఇరవైసార్లు కొడితే రైతుకు నాలుగింతల ఖర్చు. కూలీకి నాలుగింతల విషం. సాలీడు చచ్చిన చేలో దాని పని మన ఒంటి మీద పడుతోందన్నమాట.

పురుగుమందు ఖర్చు తగ్గిస్తుందని చెప్పి అమ్మిన బీటీ పత్తి చేలల్లోనూ ఇదే గతి. మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో 2017లో మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందలాది మంది ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లు తాగలేదు, పీల్చారు, తడిశారు. తప్పు వాళ్లదేనని, ముసుగు కట్టుకోలేదని అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. మండే ఎండలో ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఒక్క పూట పంపు మోసి చూస్తే ఆ పెద్దమనుషులకు తెలిసేది.

చట్టం లేదా అంటే ఉంది. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం మందు పిచికారీ చేసేవాళ్లకు వైద్య పరీక్షలు చేయించాలి, ఫాస్ఫరస్ జాతి మందులతో పనిచేసేవాళ్లకు నెలనెలా రక్తంలో కోలినెస్టరేజ్ చూడాలి, రక్షణ దుస్తులు ఇవ్వాలి. ఏ ఊళ్లో ఏ కూలీకి ఆ రక్తపరీక్ష జరిగిందో చూపించమని అధికారుల్ని అడుగుతున్నాం. చనిపోతే సాయం సంగతీ అంతే. తెలంగాణలో 2018లో పెట్టిన రైతుబీమా పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లకే. పంపు మోసినవాడి దగ్గర పాసుపుస్తకం ఎక్కడిది? కౌలుదారుకూ లేదు.

అందుకే మందు కొట్టే పనికి కూలి రేటు మాట్లాడుకునేటప్పుడే తొడుగు, సబ్బు, నీళ్లు, కడుక్కునే సమయం కూడా కూలిలో భాగమని సంఘం తరఫున తేల్చుకోవాలి. వరసగా రెండు రోజులు ఒకే మనిషికి పంపు ఇవ్వకూడదు. వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో మందు మానేసిన ఊరు ఖమ్మం వైపు పునుకుల ఉంది. వేపకాయలు ఏరడం, దంచడం కూడా కూలిపనే, అది మన పొట్ట కొట్టదు.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్రోపిన్ ఇంజెక్షన్లు చాలినన్ని ఉన్నాయో లేవో మందులు కొట్టే సీజనుకు ముందే కార్యకర్తలు వెళ్లి అడగాలి. ఎవరైనా పడిపోతే తడిసిన బట్టలు విప్పి, ఒళ్లు సబ్బుతో కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి, ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరైన వైద్యం చేయగలడు. చీటీ మీద "ఎండదెబ్బ" అని రాయనివ్వకండి.