చిన్న బడి హాజరుపట్టీ చెప్పే సత్యం

చిన్న బడిని మూయదలచిన ప్రభుత్వం అడిగే ప్రశ్న ఒక్కటే: పిల్లలు ఎంతమంది? వారు ఎవరి పిల్లలని అడగదు. ఆ రెండవ ప్రశ్నను లేవనెత్తవలసిన బాధ్యత కార్మిక సంఘాలదని మేము భావిస్తున్నాము.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ఆరంభమైన నాటి నుండి, మూడు నుండి ఆరేండ్ల పేద పిల్లలకు సర్కారు బడి అంటే ప్రధానంగా అంగన్‌వాడీయే. అక్కడ కూర్చునేది వ్యవసాయ కూలీల, పారిశుద్ధ్య, భవన నిర్మాణ కార్మికుల బిడ్డలు. దళిత, గిరిజన, వెనుకబడిన తరగతులవారే వీరిలో ఎక్కువ. ఫీజు కట్టగలవారు నర్సరీ బడులకు తరలిపోయారు. హాజరుపట్టీలో పేర్లు తగ్గినంత మాత్రాన అవసరం తీరినట్లు కాదు. మిగిలినవారికి మరో దారి లేదని మాత్రమే దాని అర్థం.

చట్టం వీరికి అండగా లేదు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుండి పధ్నాలుగేండ్ల వారికే హక్కునిచ్చి, అంతకు చిన్నవారి సంగతిని 11వ సెక్షనులో ప్రభుత్వాల ఇష్టానికి వదిలింది. చదువుకు పునాది మూడవ ఏటనే పడాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. హక్కును మాత్రం ఇవ్వలేదు.

ఆ పునాది వేసే అంగన్‌వాడీ ఉద్యోగికి లభించేది జీతం కాదు, "గౌరవ వేతనం". గ్రామీణ డాక్ సేవకులను ఏండ్ల తరబడి "ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్" అని దూరముంచిన శాఖను ఎరిగిన తపాలా సోదరులకు ఈ మాటల గారడీ క్రొత్త కాదు. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు వీరికి గ్రాట్యుటీ వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరు 12 నుండి ఆంధ్రప్రదేశ్‌లో వీరు 42 రోజులు సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. శిక్షించేటప్పుడు అత్యవసర సేవ. జీతమిచ్చేటప్పుడు స్వచ్ఛంద సేవ! 1974 సమ్మె వారసులైన రైల్వే కార్మికులకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

కేంద్ర ఉద్యోగులకు పిల్లల విద్యాభత్యం ఒకటవ తరగతికి రెండేండ్ల ముందు నుండే లభిస్తున్నది. 2024 జనవరి 1 నుండి అది నెలకు 2,812.50 రూపాయలు. అది మన హక్కు, ఎవరూ వదులుకోనక్కరలేదు. కాని జీతమూ, సంఘమూ, అడిగే నోరూ ఉన్న తల్లిదండ్రులు చిన్న బడి వైపు కన్నెత్తి చూడకపోతే, దాని మూసివేతను ఎదిరించేవారెవరు?

కావున ప్రతి బ్రాంచి తన కాలనీకి సమీపంలోని అంగన్‌వాడీని సందర్శించాలి. పిల్లలెందరు, ఎవరి బిడ్డలు, గది, నీరు, మరుగుదొడ్డి ఉన్నవా అని విచారించి నమోదు చేయాలి. మూడవ ఏటి నుండి చదువును చట్టబద్ధమైన హక్కు చేయాలని, సంఖ్య నెపంతో ఏ బడినీ మూయరాదని, అంగన్‌వాడీ ఉద్యోగులకు క్రమబద్ధమైన వేతనం ఇవ్వాలని తీర్మానించి, ఆ పోరాటంలో వారి ప్రక్కన నిలవాలి.